చెయ్యి లూజ్ జెయ్యాలె, మేడం

"మీది టూ ఫోర్ సైజు, మేడం."

"కాదు, టూ సిక్స్."

"టూ సిక్స్ ఏస్తె గాజులు మోచేతి దాంక పోయి మళ్లొస్తయి. సిటీ బస్సు లెక్క."

పక్కన నిలబడ్డ తారామణి కిసుక్కున నవ్వింది. గౌతమికి ఒళ్లు మండింది.

"నా చెయ్యి సైజు నాకు తెలీదా?"

"మీరు సూస్కుంటరు మేడం. నేను పట్టుకుంట. గంతే ఫరక్."

అన్నాక తనే నాలిక కరుచుకున్నాడు దుర్గేష్. వెనక పీట మీద కూర్చుని గాజులకు దారం కడుతున్న వాళ్లమ్మ ఉప్పలమ్మ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఆడివిల్లతోని గట్లనా మాట్లాడేది? ఏమనుకోకు బిడ్డా. వీనికి నోరు జర ఎక్కువ."

బయట వాన దంచుతోంది. నాచారం బస్టాపు వెనక సందులో ఒక్క షట్టరు దుకాణం అది. ఉప్పల్ వైపు మెట్రో కోసం రోడ్డంతా తవ్వి పోసిన ఏడాది. మనిషి నడవడానికి దారి లేదు గానీ, నెత్తి మీద రైలు ఎప్పుడొస్తుందో మాత్రం అందరికీ తెలుసు.

గౌతమి, తారామణి ఆ పక్క వీధిలోని నర్సింగ్ స్కూల్లో చదువుతున్నారు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. తారామణిది జనగామ దగ్గర పల్లె. గౌతమి వాళ్ల నాన్న రాజమండ్రి నుంచి క్లర్కు ఉద్యోగం మీద వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడ్డాడు.

"చెయ్యి లూజ్ జెయ్యాలె, మేడం" అన్నాడు దుర్గేష్, ఈసారి మెల్లగా. "పిడికిలి బిగవడ్తె గాజు పగుల్తది."

గౌతమి పిడికిలి విప్పింది. అతను ఆమె బొటనవేలి మొదలు లోపలికి ఒత్తి, ఆకుపచ్చ గాజు ఎక్కించాడు. ఒకటి, ఇంకొకటి. నొప్పి లేదు. ఎప్పుడు ఎక్కాయో తెలియనే లేదు. చేతికి అతికినట్టు నిలిచాయి.

టూ ఫోరే.

"కొసరు గాజు లేదా?" అంది ఓడిపోయిన కోపంతో. తారామణికి ఉప్పలమ్మ ఒక గాజు ఊరికే ఇవ్వడం చూసింది మరి.

"కొసరు మా అమ్మ చేతుల ఉంటది. ఆమెకు మనసైతేనే."

"ఆంధ్రావాళ్లకు మనసవదా?"

"సైజు ఒప్పుకోనోళ్లకు గాదు."

డ్యూటీలో చేతికి గాజులు ఉండకూడదని నర్సింగ్ స్కూల్ రూలు. అందుకని సోమవారం పొద్దున సబ్బు నురగ పెట్టి తీసేవాళ్లు. ఆదివారం సాయంత్రం మళ్లీ అవే గాజులు రుమాల్లో కట్టుకుని దుర్గేష్ దగ్గరికి వచ్చేవాళ్లు. సొంతంగా వేసుకుంటే పగులుతాయి మరి. వెయ్యడం ఫ్రీ.

"మీ గాజులకు ఆదివారం ఒక్కటే డ్యూటీ" అనేవాడు. "మస్తు నౌకరి. నాకు గూడ ఇప్పియ్యరాదు?"

"నువ్వు చేసేదీ అదేగా. రోజంతా ఆడపిల్లల చేతులు పట్టుకోవడం."

"మీరు పట్టుకుంటలేరా? పొద్దుగాల లేస్తె నాడి సూసుడే గద."

ఇద్దరి పనీ మణికట్టు దగ్గరే. ఆ మాట అతను అన్నప్పుడు గౌతమి నవ్వేసింది. హాస్టల్‌కి పోయాక మాత్రం కుడిచేతి వేళ్లతో తన ఎడమ మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తారామణి దుప్పట్లోంచి చూసి, "నాడి కొట్టుకుంటుందా, లేక ఇంకేమన్ననా?" అంది.

అలా ఆదివారాలు గడిచాయి. ఒక ఆదివారం మాత్రం అతను ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఆమె రుమాలు విప్పి చెయ్యి చాపితే, వెనక్కి జరిగాడు. అతని చూపుడు వేలికి బట్ట చుట్టి ఉంది.

"అమ్మ ఏస్తది మేడం."

"ఎందుకు?"

"ఊకెనే."

"నా చెయ్యి పట్టుకోవాలంటే కష్టంగా ఉందా?"

అతను గాజుల దారాలు సర్దుకుంటూ తల వంచుకున్నాడు. ఉప్పలమ్మ వేసింది. గౌతమి డబ్బాలో ఏవో చిల్లర పైసలు విసిరేసినట్టు వేసి, వెనక్కి చూడకుండా వానలోనే వచ్చేసింది. ఆ వారమంతా అన్నం సహించలేదు. మరుసటి ఆదివారం పోకూడదనుకుంది. పోయింది. షట్టరు మూసి ఉంది.

ఆ నెలలోనే క్లాసులో ట్యూటర్ కమలకుమారి మేడం హెచ్.ఐ.వి. పాఠం చెప్పింది. తాకితే రాదు. కలిసి తింటే రాదు. చెయ్యి పట్టుకుంటే రాదు. గౌతమి జవాబు పేజీ నిండా రాస్తే, మేడం ఎర్ర ఇంకుతో 'గుడ్' అని పెట్టి అందరికీ చూపించింది. పుస్తకంలో ఉన్న రోగికి ఎవరూ భయపడరు. మంచం మీద ఉన్న రోగితోనే వస్తుంది చిక్కంతా.

పోస్టింగ్ ఉన్న ఆసుపత్రిలో ఓ పొద్దున ఒక మంచానికి ఎర్ర స్టిక్కర్ అంటించి ఉంది. అదంటే హెచ్.ఐ.వి. అని అందరికీ తెలుసు. ఒక్క సమోసా ఇప్పిస్తే తమకు పడ్డ బెడ్లు మార్చుకునే పిల్లలు ఆ పొద్దున బిర్యానీ ఇప్పిస్తామన్నా ఆ బెడ్డు తీసుకోలేదు. రోల్ నంబరు వరసలో గౌతమికి పడింది.

"డబుల్ గ్లౌజ్ వేసుకో" అంది కమలకుమారి. "ఎక్కువ ముట్టుకోకు."

"పల్స్ చూడాలి కదా మేడం?"

"చూడు. తొందరగా చూడు."

తెర పక్కకి జరిపింది. జ్వరంతో పెదాలు ఎండిపోయి, మంచం మీద దుర్గేష్.

ఆమె కేసు షీటు చూసింది. మళ్లీ అతన్ని చూసింది. అతను ఆమె చేతుల వైపు చూశాడు, ఒకదాని మీద ఒకటి వేసుకున్న గ్లౌజుల వైపు. అడగకుండానే చెయ్యి చాపాడు.

"లూజ్ జేసిన, మేడం."

రెండు పొరల రబ్బరు కింద అతని మణికట్టు కాలిపోతోంది. నాడి దొరకలేదు. వేళ్లు అటూ ఇటూ జరిపింది. తన గుండె చప్పుడు తనకే వినిపిస్తోంది గానీ అతనిది చేతికి అందడం లేదు. వాచీ వంక కాసేపు చూసి, షీటు మీద రాసింది.

"ఎంతున్నది?"

"ఎనభై రెండు."

నాడి దొరకని పిల్లలందరూ రాసే అంకె అది. అంత జ్వరంలో ఎనభై రెండు ఉండదని ఆమెకు తెలుసు. అతనికి తెలుసో లేదో, "మంచిదే" అన్నాడు.

అప్పుడైనా ఒక మంచి మాట అనవలసింది. గౌతమి నోట్లోంచి వచ్చింది మాత్రం లోకమంతా అడిగే మాటే.

"ఎలా వచ్చింది?"

అతను పైన తిరగని ఫ్యాను వైపు చూశాడు.

"ఉప్పల్ కాడ ఏడు సీట్ల ఆటోల ఎక్కింది మేడం. జర జరుగు అన్న. జరగలే."

తనొక్కడే నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

"చానా ఏండ్ల సంది గోలీలు మింగుతున్న. సర్కారు దవాఖానల ఇస్తరు. ఇప్పుడొచ్చింది ఉత్త జ్వరమే, తగ్గుతదన్నరు." చూపుడు వేలు ఎత్తి చూపించాడు. "నా ఏలికి దెబ్బ తాకిన దినం ఎవ్వలకు గాజులెయ్య. అమ్మ ఏస్తది. మీకు కోపమొచ్చింది ఆ రోజు."

గౌతమి తెర మూసి బయటికి వచ్చేసింది. బాత్రూంలో గ్లౌజులు తీసింది. గ్లౌజుల కింద తడిసి ముడతలు పడ్డ వేళ్లు. ఆ వేళ్లనే అతను ప్రతి ఆదివారం పువ్వుల్లా పట్టుకున్నాడు.

ఆ సంగతి దాచడం ఎవరి తరమూ కాలేదు. సాయంత్రానికి హాస్టలంతా పాకింది. అందరూ తమ తమ మణికట్లు తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎప్పుడైనా గీరుకుందా, ఎర్రబడిందా అని గుర్తు చేసుకోబోయారు. స్పిరిట్ సీసా ఒకటి ఖాళీ అయింది. పరీక్షలో ఫుల్ మార్కులు వచ్చిన పిల్లలే.

ఆదివారం పొద్దున బట్టలుతికే బండ మీద అందరూ గాజులు కుప్ప పోసి, రాయి పెట్టి కొట్టడం మొదలుపెట్టారు. ఆ దుకాణంలో ఇన్నాళ్లూ ఎవరి చేతికీ గీత పడలేదు. ఆ బండ దగ్గర మాత్రం రక్తం వచ్చింది. పెంకు ఎగిరి తారామణి అరచెయ్యి కోసుకుంది.

"అయ్యో, ఇగ నాకు గూడ ఒస్తదే!"

"అది నీ రక్తమే కదే!" అని అరిచింది గౌతమి.

అప్పటికే హాస్టల్ గేటు దగ్గర ఉప్పలమ్మ నిలబడి ఉంది. భుజానికి గాజుల మలారం. దారాలకు గుచ్చిన గాజులన్నీ మూటగా కట్టిన పెద్ద బరువు. కొడుకు మంచాన పడ్డా ఆమెకు పని తప్పదు.

"బిడ్డా, మా పోరడు జ్వరంతోని మీ దవాఖానల పడ్డడు. జర మంచిగ సూస్కోన్రి అని జెప్పిపోదమని..."

మాట అక్కడే ఆగింది. గాజులమ్ముకునే మనిషికి ఆ చప్పుడేమిటో చెప్పనక్కర్లేదు. బండ మీద ఎరుపు, పసుపు, నీలం ముక్కలు. ఆమె వాటిని చూసింది. పిల్లల్ని చూసింది. చివరికి గౌతమి దగ్గర ఆగింది ఆమె చూపు.

"నీయి గూడ పలగ్గొట్టినవా, బిడ్డా?"

గౌతమి గాజులు పైన గదిలో, పెట్టెలో, రుమాల్లో ఉన్నాయి. లేదని ఒక్క మాట చాలు. చుట్టూ అందరూ చూస్తున్నారు. నీకెందుకే అంత ప్రేమ అని అడగడానికి సిద్ధంగా ఉన్నారు. గౌతమి తల దించుకుంది.

ఉప్పలమ్మ మలారం సర్దుకుని వెళ్లిపోయింది. నడుస్తుంటే లోపల గాజులు గలగలమన్నాయి. ఆ గలగల సందు మలుపు దాకా వినిపించింది.

జ్వరం తగ్గి దుర్గేష్ ఇంటికి పోయాడు. దుకాణం మళ్లీ తెరిచాడు కూడా. బస్తీలో ఆడవాళ్లు వచ్చేవాళ్లు, దూరంగా నిలబడి చూసేవాళ్లు, పోయేవాళ్లు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. గౌతమి ఎదురుగా టీ కొట్టు పక్కన నిలబడి అదంతా చూసింది. రోడ్డు దాటాలి, అంతే. దాటలేకపోయింది. మరుసటి వారానికి షట్టరు దిగింది. దాని మీద ఇల్లు అద్దెకు ఇవ్వబడును అన్న కాగితం అంటించారు. అది దుకాణమని కూడా చూసుకోలేదు అంటించినవాడు.

ఎక్కడికి పోయారు? నాగారం అన్నారు కొందరు. ఊరికి పోయారన్నారు ఇంకొందరు. రోగం మనిషి ఎక్కడికి పోతే మనకేంటమ్మా అన్నాడు టీ కొట్టు ఆయన.

గౌతమి ఉప్పల్ రింగు రోడ్డు మీద మలారం కనిపిస్తే చాలు పరుగెత్తేది. అది ఇంకెవరిదో అయ్యేది. ఏడు సీట్ల ఆటోలో ఎవరైనా "జర జరుగమ్మా" అంటే కళ్లు మండేవి. ఆదివారం సాయంత్రాలు గదిలో కూర్చుని ఆకుపచ్చ గాజులు తనే వేసుకోవాలని చూసేది. బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయేవి. ఎంత ప్రయత్నించినా పిడికిలి దానంతటదే బిగుసుకునేది. చెయ్యి లూజ్ చెయ్యాలని తనకు తెలుసు. తెలిసినంత మాత్రాన అవుతుందా? మళ్లీ రుమాల్లో కట్టి పెట్టె అడుగున పెట్టేది.

వాన వస్తే మరీ కష్టం. ఆ సందులో మోకాలి లోతు నీళ్లు, షట్టరు కింద నుంచి లోపలికి పోతుండేవి. పీట తడిసి ఉంటుంది అనుకునేది. అక్కడ పీట లేదని తెలిసీ.

మరుసటి ఏడాది వార్డులో మళ్లీ ఒక ఎర్ర స్టిక్కర్ వచ్చింది. ఉప్పల్ మార్కెట్లో కూరగాయలమ్మే సుబ్బులు అనే ఆవిడ. ఈసారి గౌతమి వరస కాదు. అయినా పోయింది. గ్లౌజులు లేకుండా మణికట్టు పట్టుకుంది. నాడి వెంటనే దొరికింది, చేపపిల్లలా వేళ్ల కింద కదిలింది. నిమిషం నిండేదాకా లెక్కపెట్టింది. అయిపోయాక వదలబోతే సుబ్బులు వదల్లేదు.

"ఇంకాసేపుండు తల్లీ. చెయ్యి పట్టుకున్నోళ్లు లేరు."

కమలకుమారి దూరం నుంచే కేకేసింది. "గౌతమీ! గ్లౌజులేవి?"

"పల్స్‌కి అక్కర్లేదు మేడం."

"ఎవరు చెప్పారు?"

"మీరే మేడం. ఆ ఆన్సర్‌కి గుడ్ పెట్టింది మీరే."

కమలకుమారి ముఖం కందిపోయింది. ఆ రోజు గౌతమిని ఎండలో నిలబెట్టింది. మర్నాడు మాత్రం ఎవరూ చూడకుండా ఆ మంచం స్టిక్కర్ పీకేసింది. పీకింది తనేనని ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఇదంతా తారామణి చూస్తూనే ఉంది. ఆమె అరచేతిలో గాజు పెంకు మచ్చ అలాగే ఉండిపోయింది. శివరాత్రి ముందు ఊరికి పోయి వచ్చి, సంచీ కింద పెట్టకుండానే అంది.

"మా మేనత్త కీసరల ఉంటది, ఎరికే గదా? గుట్ట కింద జాతరల గాజుల దుకాణం వెట్టిన్రట. ముసలామె, కొడుకు. కొడుకు ఎవ్వల చెయ్యి వట్టుకోడట." తల తిప్పుకుంది. "పోదాం పా. నాకు గూడ ఆమెతోని ఒక మాట అనేదున్నది."

తెలంగాణ ఇచ్చేశారని వారం కిందటే ఢిల్లీ నుంచి కబురొచ్చింది. కీసర దారంతా రంగులు, డప్పులు. ఆటో అద్దాల మీద జై తెలంగాణ. ఉపవాసం ఉన్నవాళ్లు గుట్ట ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆ రద్దీలో టార్పాలిన్ కింద దారాలకు వేలాడుతున్న గాజులు ఎండకు మెరుస్తున్నాయి.

ముందు ఉప్పలమ్మ. వెనక దుర్గేష్, చిక్కిపోయి, సైజులు వెతికి అందిస్తున్నాడు.

గౌతమి ఆమె ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. ఉప్పలమ్మ తల ఎత్తింది. గుర్తుపట్టింది.

"ఏం గావాలె?" అంది. బిడ్డా అనలేదు.

గౌతమి రుమాలు విప్పింది. ఆకుపచ్చ గాజులు, ఒక్కటీ పోలేదు. ఉప్పలమ్మ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. తన సరుకు తనకు తెలియదా?

"పలగ్గొట్టలేదా?"

"లేదమ్మా. ఆ రోజు మీరు అడిగితే చెప్పడానికి ధైర్యం చాలలేదు."

తారామణి పక్కన కూర్చుని ఉప్పలమ్మ మోకాలు పట్టుకుంది. "నేను పలగ్గొట్టిన, అవ్వా. నాయి, అందర్లయి." ఏడుపొచ్చింది. ఉప్పలమ్మ ఆమె అరచేతిలో మచ్చ మీద బొటనవేలితో రాసింది. తర్వాత గొంతు పెంచి పిలిచింది.

"ఒరేయ్ దుర్గేషూ! ఇటు రా. ఈ పిల్ల గాజులు నాతోని ఐతలేవు."

అతను వచ్చాడు. చూశాడు. పెదవి మీదికి పాత నవ్వు తెచ్చుకోబోయాడు.

"మేడం, ఇగ రాష్ట్రం అలగైతుంది. వీసా తెచ్చుకున్నరా?"

"గాజులు వెయ్యి."

"ఏస్తలేను మేడం. చేతులు వట్టుకునే పని బందు జేసిన. మీరే ఏసుకోన్రి. సైజు టూ ఫోరే."

"నాకు రాదు."

"నేర్చుకోవాలె."

"అయితే నేనే పట్టుకుంటాను."

అతను వెనక్కి జరిగేలోగా మణికట్టు అందుకుంది. ఉత్త వేళ్లతో. చుట్టూ ఆడవాళ్లు చూస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఆమె వాచీ వంక చూసింది.

"ఏం జేస్తున్నవ్?"

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది." అతని చెయ్యి రాయిలా ఉంది. "పిడికిలి బిగించావు. చెయ్యి లూజ్ చెయ్యాలి."

అతను ఆమెకేసి చూశాడు. మెల్లగా, ఒక్కో వేలూ విప్పాడు.

దొరికింది. ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వెతికిన చప్పుడు, వేళ్ల కిందే పరుగెత్తుతోంది. నిమిషం అయింది. ఆమె వదల్లేదు.

"ఎంతున్నది?"

"చెప్పను. ఎనభై రెండు మాత్రం కాదు."

అతను ఈసారి నిజంగా నవ్వాడు. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి వాడుకున్నాడు.

"అడగవా? ఎట్లొచ్చిందో?"

"ఆటోలో ఎక్కిందన్నావుగా."

"మీ ఇంట్ల ఎరికేనా?"

"ఇంకా చెప్పలేదు. గొడవవుతుంది. అవనీ." బల్ల మీద పక్కకు జరిగింది. ఇంకొక మనిషి పట్టేంత చోటు చేసింది. "జర జరిగిన. కూర్చో."

ఆమె నోట ఆ మాట విని తారామణి ఏడుపులోనే నవ్వింది. దుర్గేష్ కూర్చున్నాడు. తన వేళ్లన్నీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు, ఎక్కడా గాయం లేదని. అప్పుడు ఆమె చెయ్యి తీసుకున్నాడు. బొటనవేలి మొదలు మెత్తగా ఒత్తాడు. ఆకుపచ్చ గాజులు ఒకదాని వెనక ఒకటి జారాయి.

"రేపు డ్యూటీకి తియ్యాల్నా?"

"తియ్యాలి. ఆదివారం నువ్వే మళ్లీ వెయ్యాలి."

"ఏ ఆదివారం?"

"ఎన్ని ఉంటే అన్ని."

ఉప్పలమ్మ అటు తిరిగి ఎవరితోనో బేరం ఆడుతున్నట్టే ఉంది. ఆడుతూనే, వేలాడుతున్న దారం నుంచి ఒక ఆకుపచ్చ గాజు విప్పి, ఇటు చూడకుండా కొడుకు చేతిలో పెట్టింది.

కొసరు.

దుర్గేష్ "చెయ్యి లూజ్..." అనబోయాడు. గౌతమి చెయ్యి అప్పటికే వదులుగా ఉంది.